ఏడు గుట్టనల్లలు

2016 ఫిబ్రవరి 17, బుధవారం. అన్యాయం జరిగింది ఎర్రగుంటపల్లి కురుమ బాలవ్వకు, ఆమె మందలోని పదకొండు నల్ల పొట్టేళ్ళకు.

ఆ రోజు బడి ముందర షామియానా వేశారు. మైకు పెట్టారు. తొమ్మిది ఊళ్ళ పొట్టేళ్ళను అక్కడికే తోలించారు. ఈ గుట్టల నల్లగొర్రె నాసిరకమన్నారు. బక్కదన్నారు, మాంసం పడదన్నారు, దాని ఉన్ని ఎవడికి కావాలన్నారు. నల్ల పొట్టేళ్ళకు పటకారుతో విత్తులు నొక్కించుకుంటే తెల్ల పొట్టేళ్ళు ఊరికే ఇస్తామన్నారు. భోజనాల వేళకు విత్తనానికి పనికొచ్చే నల్ల పొట్టేలు ఒక్కటి మిగల్లేదు. భోజనాల్లోకి మాంసం కూర వడ్డించారు. అది ఏ రంగు గొర్రెదో ఎవరూ అడగలేదు.

బాలవ్వ కొడుకు సాయిలు ఆ నెలలోనే మిగతా మందను తోలుకుపోయి తెల్లవాటికి మార్చుకొచ్చాడు. అప్పుడప్పుడే పాలు మరుస్తున్న ఏడు ఆడ గొర్రెపిల్లలను మాత్రం బాలవ్వ పోనివ్వలేదు. మిగతా ఊళ్ళూ మార్చేసుకున్నాక గుట్టనల్లలంటే ఇక అవే.

"మగది లేకుంట ఇవేం జేస్తయే అవ్వా?" అన్నాడు సాయిలు.

"ఎదురుజూస్తయి," అంది.

నాలుగేళ్ళకు శిష్యురాలు వచ్చింది.

ఇందుమతి తెనాలి వైపు మనిషి, పశువుల డాక్టరు. ఏ దేశంలో ఏ గొర్రె, ఏ ఆవు, ఏ కోడి మిగిలిందో, ఏది పోయిందో దేశాలన్నీ కలిసి రాస్తున్న పెద్ద పట్టిక ఒకటుంది. అందులో ఈ గుట్టల వరస నింపే పని ఆమెకు పడింది. జీపు దిగి, ఫోను తీసి, "ఈ జాతి లక్షణాలు చెబుతారా అమ్మా?" అని అడిగింది.

బాలవ్వ ఆమెను తలనుంచి కాళ్ళదాకా చూసింది. చేతుల దగ్గర కాసేపు ఆగింది.

"ఆ చెప్పులతోని నడవలేవు. మంచియి ఏసుకొని రేపు రా."

సెలవు దొరికినప్పుడల్లా ఇందుమతి వచ్చింది. మంద వెనక నడిచింది. ఏ బండకింద వేసవిలో కూడా నీళ్ళుంటాయో నేర్చుకుంది. వాన వచ్చే ముందు రాగి అనే గొర్రె గాలికి వీపు తిప్పుతుందని, సుక్కి కాళ్ళు కదిపిన చోట ముళ్ళుండవని నేర్చుకుంది. పుస్తకాల్లో లక్షణాలంటే కొమ్ము పొడవు, చెవి వెడల్పు. ఆ పుస్తకాలు రాసినవాళ్ళు సుక్కి వెనక ఒక్కరోజు నడిచి ఉంటే బాగుండేది.

అన్నిటికంటే ముందు బాలవ్వ నేర్పింది గోనెపట్టా కట్టడం. పొద్దున మందలు కదలకముందే వాడంతా తిరిగి, తెల్ల పొట్టేళ్ళ పొట్టకింద గోనెపట్టా కట్టి రావాలి. అది అడ్డంగా వేలాడుతుంటే పొట్టేలు ఎక్కినా ఫలముండదు. అలా కాపాడింది తన ఏడింటినీ. అవి ఏటేటా ఎదకొచ్చేవి. రెండు రోజులు మేత మీద ధ్యాస లేక గుట్టవైపు చూస్తూ నిలబడేవి. మళ్ళీ మేతలో పడేవి. ఆ రెండు రోజులూ బాలవ్వ కూడా సరిగ్గా తినేది కాదు.

"అగో, పొట్టేళ్ళకు లంగోటీలు కట్టే ముసల్ది వచ్చింది!" అని వాడ నవ్వేది. "నీ ఏడుగురు కన్నెపిల్లలకు సంబంధం కుదిరిందా బాలవ్వా?"

"దూరపు సంబంధం జూస్తున్న," అనేది బాలవ్వ, ముడి బిగిస్తూ. "నీ ఇంటికైతే ఇయ్య."

అన్నీ నేర్పింది గానీ పిలుపు మాత్రం నేర్పలేదు. సాయంత్రం బండమీద నిలబడి, నాలుక అంగిటికి తగిలించి, "టుర్ర్ర్... హో... రా నల్లీ" అని బాలవ్వ ఒక్కసారి పిలిస్తే, గుట్ట ఏ మూలనున్నా ఏడూ దిగివచ్చేవి.

"నేనూ పిలవనా అవ్వా?" అని ఒకసారి ఇందుమతి అడిగింది.

"వద్దు. ఇంకా వద్దు."

ఎందుకని అడిగే ధైర్యం ఇందుమతికి లేకపోయింది. దానికి కారణం ఆమె దగ్గరే ఉంది.

2022 సెప్టెంబరులో ఇందుమతి ఒక డబ్బా తెచ్చింది. నిగనిగలాడే ఉక్కు డబ్బా, మూత తీస్తే పొగమంచు. ముప్పై ఏళ్ళ కిందట ఎవరో విదేశీయులు ఈ గుట్టల్లోనే మూడు నల్ల పొట్టేళ్ళ విత్తనం సేకరించి, తమ దేశంలో చల్లటి గదిలో దాచారు. పట్టికలో ఆ సంగతి ఇందుమతి కంటబడింది. రెండేళ్ళు ఉత్తరాలు రాసింది. రెండు ప్రభుత్వాల సంతకాలు, నాలుగు ఆఫీసుల ముద్రలు. చివరికి పద్నాలుగు సన్నగొట్టాలు విమానంలో వచ్చాయి. మనవాళ్ళు షామియానా వేసి చెరిపేసినదాన్ని పేరు కూడా పలకలేని పరాయివాళ్ళు భద్రపరిచారు. ఆ మాట తలుచుకుంటే ఇందుమతికి సిగ్గేసింది. సాధించినందుకు గర్వమూ వేసింది. జీపు దిగేసరికి గర్వమే ఎక్కువగా ఉంది.

"ఇదిగో అవ్వా," అంది డబ్బాను బండమీద పెట్టి. "నీ జాతి మొత్తం ఇందులో ఉంది. ఇంకో వందేళ్ళయినా చెడదు. ఇక ఎవరేం చేసినా గుట్టనల్ల పోదు."

"గిండ్లనే ఉన్నదా?"

"ఇందులోనే."

బాలవ్వ లేచింది. గొంగడి సర్దుకుంది. ఏడేళ్ళుగా కొత్త గొంగడి లేక అతుకుల మీద అతుకులు వేసుకున్నది అది. డబ్బా ఎదురుగా నాలుగడుగుల దూరంలో నిలబడింది. దానివైపు చూస్తూ పిలిచింది.

"టుర్ర్ర్... హో... రా నల్లీ."

గుట్టమీద గులకరాళ్ళు కదిలాయి. రాగి దిగింది. సుక్కి దిగింది. ఏడూ దిగివచ్చి బాలవ్వ చుట్టూ నిలబడ్డాయి. ఒకటి డబ్బాను వాసన చూసి తుమ్మింది.

బాలవ్వ ఇంకా డబ్బావైపే చూస్తూ ఉంది. పిలిచిన మనిషి ఎదురుచూసినట్టే చూసింది. చాలాసేపు చూసింది.

"అది రాలే బిడ్డా," అంది చివరికి.

ఇందుమతి తలదించుకుంది.

"తప్పు వడుతలేను. మంచిగ దాచిండ్రు, వాళ్ళ కడుపు సల్లగుండ. తియ్యి, జెల్ది తియ్యి. నా బిడ్డలకు వయసు అయిపోతున్నది."

ఒక్కో గొర్రెకు రెండేసి గొట్టాలు. ఏడేళ్ళు దగ్గరపడుతున్న గొర్రెలు, ఒక్క ఈత కూడా ఈననివి. ఈసారి నిలవకపోతే ఇంకోసారి లేదు, ఇంకో డబ్బా లేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. బాలవ్వ సుక్కి తల ఒళ్ళో పెట్టుకొని పట్టుకుంది. ఇందుమతి పరికరం చేతిలోకి తీసుకుంది. మళ్ళీ కింద పెట్టేసింది.

"అవ్వా, ఆ రోజు బడి ముందర పటకారు పట్టింది నేను."

బాలవ్వ సుక్కి తల నిమిరింది.

"అప్పుడు చదువు చివరి ఏడాది. పెద్ద డాక్టరు నొక్కమంటే నొక్కాను. నీవి పదకొండూ నేనే."

"ఎరుకే."

"ఎప్పటినుంచి?"

"జీపు దిగి ఫోను తీసినవు సూడు, ఎడమచేత్తోని. గప్పటిసంది. ఆ పొద్దు పటకారు గూడ ఆ చెయ్యే పట్టింది."

"తెలిసి కూడా నాకెందుకు నేర్పావు?"

బాలవ్వ సుక్కి చెవిలోంచి ఒక ముల్లు తీసి పారేసింది.

"ఇంకెవలొచ్చిండ్రు?"

ఇందుమతి పరికరం తీసుకుంది. ఈసారి ఎడమచేత్తో పని కానిచ్చింది.

మూడు గొర్రెలకు చూలు నిలిచింది. చలికాలంలో వాటిలో రెండింటికి కడుపు పోయింది. సుక్కి ఒక్కటి మిగిలింది. ఆ రోజుల్లో బాలవ్వ సుక్కి పక్కనే పడుకునేది. సాయిలు ఏమీ అనలేదు. ఎవరూ చెప్పకుండానే తన తెల్ల పొట్టేళ్ళకు తనే గోనెపట్టాలు కట్టుకోవడం మొదలుపెట్టాడు.

అవతల పట్టిక నింపే గడువు ఫిబ్రవరి నెలాఖరు. అందులో ఒక గడి ఉంది: 'ఈ జాతి చివరిసారి బతికి కనిపించిన తేదీ.' వంశం నిలపగల మగది లేకపోతే మందలో ఆడవి ఎన్నున్నా ఆ లెక్కలో బతికున్నట్టు కాదు. మొదట్లో ఇందుమతి ఆ గడిలో పెన్సిలుతో రాసి పెట్టుకున్నది 2016 ఫిబ్రవరి 17. అదే ఖాయమైతే గుట్టనల్ల పోయినవాటి జాబితాలోకి వెళుతుంది.

2023 ఫిబ్రవరి 9న సుక్కి ఈనింది.

"అవ్వా, మగది," అన్నాడు సాయిలు. అతని గొంతులో వెటకారం లేదు.

కాకినలుపు. తల్లికున్నట్టే నుదుట తెల్లచుక్క. ఇందుమతి అక్కడికక్కడే సంచిలోంచి కాగితం తీసి, పెన్సిలు రాత చెరిపి, కలం మూత విప్పింది.

"ఆగు," అంది బాలవ్వ.

"పుట్టింది కదా అవ్వా!"

"పుట్టింది. ఇంకా రాలే."

ఇందుమతి కలం మూత పెట్టేసింది.

అప్పటికి బాలవ్వకు దగ్గు పట్టుకుంది. అయినా రోజూ సాయంత్రం బండ ఎక్కి పిలిచేది. గొంతు సగంలో విరిగిపోయేది. ఆరు గొర్రెలూ వచ్చేవి. సుక్కి వచ్చేది. పిల్ల మాత్రం తల్లి పొదుగుకు అంటుకొని వచ్చేది. అది రావడం కాదంది బాలవ్వ. పది రోజులైంది. పన్నెండు రోజులైంది. సెలవు పెట్టి ఇందుమతి ఆ ఇంట్లోనే ఉండిపోయింది.

ఆఫీసునుంచి ఫోను వచ్చింది. "మేడమ్, పుట్టిన తేదీ వేసేస్తే అయిపోతుంది కదా? ఫొటో కూడా పంపారు."

"ఇంకా రాలేదండీ," అంది ఇందుమతి.

"ఏం రాలేదు?"

ఆమె ఫోను పెట్టేసింది. ఏడాది కిందటైతే ఆ తేదీ తనే వేసేసి, పై అధికారులకు మిఠాయి పంచి ఉండేది.

పద్నాలుగో రోజు సాయంత్రం బాలవ్వ బండదాకా నడిచింది గానీ ఎక్కలేకపోయింది. నోరు తెరిచింది. గాలి వచ్చింది, మాట రాలేదు. సుక్కి గుట్ట మొదట్లో మేస్తున్నది. పిల్ల కాస్త దూరంలో ఎండుటాకును కాలితో గీకుతున్నది.

బాలవ్వ తన గొంగడి తీసి ఇందుమతి భుజాలమీద వేసింది. బండవైపు చెయ్యి చూపించింది.

"నేనా?" అంది ఇందుమతి. "నా గొంతు వాటికి తెలియదు అవ్వా. నువ్వే వద్దన్నావు."

బాలవ్వ చూపిన చెయ్యి దించలేదు.

ఇందుమతి బండ ఎక్కింది. నాలుక అంగిటికి తగిలించింది. మొదటిసారి ఉమ్మి తప్ప ఏమీ రాలేదు. సాయిలు ముఖం పక్కకు తిప్పుకొని నవ్వు ఆపుకున్నాడు. రెండోసారి తెనాలి యాసలో ఏదో వచ్చింది. గొర్రెలు తలలెత్తి, మళ్ళీ దించాయి.

మూడోసారి ఆమె కళ్ళు మూసుకుంది. "టుర్ర్ర్... హో..." అంది. ఆ తర్వాత గొంతు తడబడింది. "రా నల్లీ" అన్నది బతిమాలుతున్నట్టుగా వచ్చింది.

పిల్ల ఎండుటాకును వదిలేసింది. తల్లివైపు ఒకసారి చూసింది. గుట్ట మొదటినుంచి, రాళ్ళమధ్యన పడుతూ లేస్తూ, ఒంటరిగా నడిచొచ్చింది. బండకింద ఆగింది. ఇందుమతి దిగి మోకాళ్ళమీద కూర్చుంది. అది ఆమె ఎడమ అరచెయ్యి వాసన చూసి, అందులో మూతి పెట్టింది.

ఇందుమతి చాలాసేపు ఆ చెయ్యి కదపలేదు.

"ఇగ రాయి," అంది బాలవ్వ, వినీ వినిపించని గొంతుతో.

ఇందుమతి కాగితం తీసి, గొంగడి అంచుమీద పరిచి, ఆ గడిలో రాసింది:

2023 ఫిబ్రవరి 23, గురువారం.