నూకల పూల మాంత్రికుడు

ఇది మీ తాత చెప్పే కథ. ఆయన లేడు కాబట్టి మీ నాయనమ్మని నేనే చెప్తన్నా, ఈ ఫోనులోనే ఇనండి.

అనగా అనగా ఒక రాజు. ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. ఏడు సముద్రాల అవతల నించి ఒక మాంత్రికుడొచ్చి రాజ్యం ఇచ్చెయ్యమన్నాడు. రాజు పొమ్మన్నాడు. వాడు గుప్పెడు గింజలు గాల్లోకి ఊది, నా మొక్క ఆఖరి చేను కమ్మిన నాడు రాజ్యం నాదేనని చెప్పి పోయాడు.

వయ్యారిభామ అనే కలుపుమొక్క మొలిచింది. ఆకు మాచిపత్రిలాగుంటది, పూలు తెల్లగా నూకల్లాగుంటాయి. బాగున్నాయని జడల్లో కూడా పెట్టుకున్నారు, ఏం చెప్పమంటారు. ఒళ్ళంతా దద్దుర్లు, ఆవుపాలు చేదు, రాణికి ఆయాసం. ఆఖరికి పైడమ్మని ఒక కూలోళ్ళ పిల్ల ఉంది, ఆ పిల్ల పొలం చెక్క ఒక్కటే మిగిలింది.

పెద్దోడు కత్తి దూసి నరికాడు. వేరు నేల్లో ఉంటే ఊరుకుంటదా? వారం తిరక్కుండా లేచింది.

నడిపోడు వేరుతోనే పీకాడు. పీకినోడు పూతతో సహా పెంటకుప్పలో పడేశాడు. ఆ పెంటే ఎరువని బళ్ళకెత్తి ఊళ్ళన్నిటికీ తోలారు. తోలిన ప్రతి చేలో అదే. రాజకొడుకులంట, రాజకొడుకులు.

చిన్నోడు మేకని బతిమాలాడు, కాస్త తినిపెట్టమని. నేనే మూతి పెట్టను, పోయి మాంత్రికుడి చిలకనడుగు అంది మేక. హంసనెక్కి ఏడు సముద్రాలూ దాటి చిలక పీక పట్టుకున్నాడు.

"నన్ను నులిమితే ఏమొస్తది? వాడి ప్రాణం నాలో లేదు, ఆ గింజల్లో ఉంది" అంది చిలక. "పూత రాకముందే వేరుతో పీకండి. పూసిందాన్ని గింజ రాలనీకుండా తగలెయ్యండి."

ఇంటికొచ్చి ఇతగాడేం చేశాడు? వయ్యారిభామే అనుకుని పైడమ్మ చెక్కలో మాచిపత్రంతా పీకేశాడు.

"చినబాబుగారూ, ఆకు నలిపి వాసన చూడండి" అంది పైడమ్మ. "ఘుమఘుమలాడితే మాచిపత్రి. లేదంటే మీ మాంత్రికుడే. చేతికి గుడ్డ చుట్టుకోండి ముందు."

వాన పడి నేల మెత్తబడగానే ఊరంతా వంగింది. నేల్లో పాతగింజలుంటాయిగా, మూడేళ్ళు పీకారు. మూడో ఏడు ఆఖరి మొక్క ఊడొచ్చేసరికి మాంత్రికుడు దీపంలాగా ఆరిపోయాడు.

చిన్నోడికీ పైడమ్మకీ పెళ్ళయింది. నూరేళ్ళు ఏలారు. ఏటా తొలివానకి ఆ రాజూ రాణీ గట్టు మీదే ఉండేవాళ్ళు.

మీ తాతా అంతే. ఈ ఏడు మన గట్టున మొలిచింది, ఇంకా పూత రాలేదు. ఆయన చేతిగుడ్డలు కొయ్యకే ఉన్నాయి. రేపు పొద్దున్నే నేను పోతన్నా. మీరూ రండి.