గైరమ్మ ఒళ్ళో కడసీల

కొండలింకా మోకాలెత్తు ఉన్న కాలం. ఏనుగులు కుక్కపిల్లలంత ఉన్న కాలం. ఆ కాలంలో రేగులవలస సంతంటే సంత. మొదటి బండి సంతలో ఆగేసరికి ఆఖరి బండి ఇంకా సముద్రం ఒడ్డునే ఉండేది. అన్ని బండ్లు.

ఆ బండ్ల వరస పక్కన గైరమ్మ కూర్చునేది. కాలు కుంటి. ఆముదంలో మసి కలిపి కందెన చేసి, వెదురు గొట్టంలో పోసుకొచ్చి ఇరుసులకు రాసేది. మోచేతుల దాకా నలుపే.

"దూరం జరగవే, పంచెకంటుతుంది" అనేవాళ్ళు. జరిగేది.

ఆ సంతకే ఒక దొంగ వచ్చేవాడు. పిల్లినడక గున్నడు. ఎద్దు మెడలో గంటను మోగకుండా కొట్టేసేవాడు. మీసం మెలేస్తున్న మనిషి మెలేస్తుండగానే ఆ మీసం ఎత్తుకుపోయేవాడు. బండ్లంటే మరీ ఇష్టం.

ఒకాయన బండికి గొలుసు కట్టాడు. బండీ పోయింది, గొలుసూ పోయింది. ఇంకొకాయన కుక్కను కాపలా పెట్టాడు. బండీ పోయింది, కుక్కా పోయింది. మూడో ఆయన బావమరిదిని బండిలో పడుకోబెట్టాడు. బండీ పోయింది, బావమరిదీ పోయాడు. సాయంత్రానికి ఎక్కడో చెరుకుతోటలో లేచి కూర్చుని, "బావా, సంతొచ్చిందా?" అని అడిగాడట.

అలాంటి సంతలో కొత్తవలస దాలినాయుడు బండి ఆపాడు. బండిలో పది బస్తాల విత్తనాల వడ్లు. మూడేళ్ళ కరువు తర్వాత ఊరంతా కలిసి తెప్పించుకుంటున్న వడ్లు. అవి పోతే ఆ ఏడూ ఊరు బీడే. సంతలో నాగలి కర్రులు కొనాలి. కొనాలంటే బండి దిగాలి. దిగడానికి కాళ్ళు రావడం లేదు.

"దిగు నాయనా, బండి నేను చూస్తా" అంది గైరమ్మ.

"నువ్వా అత్తా? గొలుసు వల్ల కాలేదు, కుక్క వల్ల కాలేదు."

"బావమరిది వల్లా కాలేదు. తెలుసులే. కడసీల పీకి నా ఒళ్ళో వెయ్యి."

కడసీలంటే చక్రం జారిపోకుండా ఇరుసు చివర దిగ్గొట్టే మేకు. బెత్తెడు ఇనుము. ఇన్నేళ్ళూ బండిని కట్టినవాళ్ళే గాని, ఆ బెత్తెడు ముక్క పీకినవాడు లేడు. దాలినాయుడు పీకి ఇచ్చాడు. గైరమ్మ అతని మణికట్టు మీద బొటనవేలితో కందెన మచ్చ అద్దింది.

"ఈ మచ్చ చూపిస్తేనే సీల. మీ అమ్మ వచ్చి అడిగినా ఇవ్వను."

అతను వెళ్ళాడు. ఎవరూ ఏదీ చేతికివ్వని గైరమ్మ ఒళ్ళో ఒక ఊరి పంట కూర్చుంది. ఆమె గుండె ఎంతగా కొట్టుకుందంటే, ఆ అదురుకి సంతలో తక్కెళ్ళన్నీ ఊగాయి.

గున్నడు రానే వచ్చాడు. చక్రం చూశాడు. సీల లేదు. సీల ముసలమ్మ ఒళ్ళో ఉంది.

"అత్తా, బండివాడి అన్నని. సీల తెమ్మన్నాడు."

"మణికట్టు చూపించు."

మణికట్టు మీద ఏమీ లేదు. "వెళ్ళిరా" అంది గైరమ్మ.

తలపాగా మార్చి, మణికట్టుకి మసి పూసుకుని మళ్ళీ వచ్చాడు. గైరమ్మ ఆ చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఇది కుండమసి. ఆముదం వాసనేదీ? మీ ఇంట్లో పప్పు మాడినట్టుంది. వెళ్ళిరా."

మూడోసారి అడగలేదు. కంచెలో మునగకొమ్మ విరిచాడు, చెక్కాడు, ఇరుసు బెజ్జంలో దూర్చాడు, ఎడ్లు కట్టి తోలేశాడు.

దాలినాయుడు కర్రులు పారేసి పరుగెత్తుకొచ్చాడు.

"అత్తా, బండి పోతోంది. ఊరికేం చెప్పుకోను?"

"వాడు దూర్చింది మునగకర్ర. గతుకుల దాకా పోనీ."

ఒక గతుకు. రెండు గతుకులు. మూడో గతుక్కి మునగకర్ర ఫట్టుమంది.

చక్రం ఊడింది. బండి ఒరిగి గున్నడి పంచె మీద కూర్చుంది. వాడు అక్కడే అతుక్కుపోయాడు. ఒక్క గింజ ఒలకలేదు. చక్రం మాత్రం ఆగిందా? మూడు ఊళ్ళు దాటింది, ఏరు దూకింది, గున్నడి ఇంటి తలుపు పగలగొట్టుకుని లోపలికెళ్ళింది. వెంట పరుగెత్తిన జనం చూస్తే, ఆ ఇంట్లో పోయిన బండ్లన్నీ ఉన్నాయి, గొలుసు ఉంది, తోకాడిస్తూ కుక్క ఉంది.

దాలినాయుడు సీలకోసం చెయ్యి చాపాడు.

"మణికట్టు చూపించు" అంది గైరమ్మ.

చూపించాడు. సీల తీసుకుని, తెల్ల పంచెతో ఆమె పక్కనే కూలబడ్డాడు.

"అంటుతుంది నాయనా."

"అంటనీ అత్తా."

పై వారం నుంచి ప్రతి బండివాడూ సీల పీకి ఆమె ఒళ్ళోనే వేశాడు. ఆ ఇనుము బరువుకి ఆమె కూర్చున్న చోట నేల గుంట పడింది. ఆమె పోయింది కూడా ఆ గుంటలోనే, ఒక సంత రోజున. గుప్పిట్లో సీల ఒకటి మిగిలింది. పదిమంది పహిల్వాన్లు పట్టి లాగినా గుప్పిట విడలేదు. ఆఖరి బండివాడు ఏడుస్తూ వచ్చి మణికట్టు చూపించాడు. అప్పుడు విడింది.

ఇప్పుడా సంతకు బండ్లు పోయి ఆటోలూ మోటారు సైకిళ్ళూ వస్తున్నాయి. అయినా దిగినవాడు దిగినట్టే తాళంచెవి పీకి, మణికట్టుకి ఆనించుకుని, "గైరమ్మా, నీ ఒళ్ళో వేశా" అనుకుంటాడు. మరిచి బండికే వదిలేసి వస్తే టీకొట్టు దగ్గరవాళ్ళు ఊరుకోరు. "ఏం బావా, మచ్చ లేకుండా వచ్చావే" అని వెనక్కి తరుముతారు.

సంత ఎంత కిక్కిరిసినా ఆ గుంటలో మాత్రం ఎవరూ బండి పెట్టరు. అక్కడ ఆమె కూర్చుని ఉంటుంది కదా.