గడియకోసారి హుషారు

"'వీళ్లకి పని మీద మనసు లేదు' అని రాజుగారే అన్నారు!" అని అరిచాడు దివాన్ చెంగల్రాయుడు.

అన్నది రాజుగారో, ఈయనో? గవరమ్మకి అనుమానమే. ఆమె జట్టు మరబొమ్మ చేస్తోంది. లోపల తిరిగే దుంగ కన్నాల్లో మేకులు ఏ వరసలో దిగ్గొడితే బొమ్మ ఆ వరసలో ఆడుతుంది. పున్నమికి ఆడకపోతే ఐదుగురికీ కొలువు ఊడుతుంది. ఈయనేమో గడియకోసారి పని ఆపించి, "ఎంతైంది? హుషారుగా ఉన్నారా?" అంటూ జేజేలు కొట్టిస్తాడు.

గవరమ్మ బొమ్మని మోయించుకుని రాజుగారి ముందుకే వెళ్లి, పక్కనున్న దివాన్‌తో అంది: "దివాన్‌గారూ, హుషారంటే ఎలా ఉండాలో మీరే చూపించండి. పది మేకులే!"

చెంగల్రాయుడు సుత్తి పట్టాడు. మేకు మేకుకీ ఆమె, "ఎంతైంది దొరా? హుషారేనా? ఏదీ, ఓ జే కొట్టండి!" అంది. ఏడోది పక్క కన్నంలో దిగింది. ఆడించి చూడగానే బొమ్మ గిర్రున తిరిగి ఆయన తలపాగా ఎగరగొట్టింది.

రాజుగారు పడీపడీ నవ్వి, "పున్నమిదాకా నువ్వు వాళ్ల గడప తొక్కకు" అన్నారు.

ఆ మేకు తప్పింది ఆయన చేతకానితనం వల్లా, చెవి పక్కన ఆ గోల వల్లా? మీరేమంటారు?