రెండు కొత్త రెక్కలు

మా హ్యాంగర్లో ఖలీల్ ఉస్తాద్‌ని ఏదైనా అడిగితే నోటితో జవాబు రాదు. ఎవరో ఒకరి చేతికి పని పడుతుంది. అది తెలిసి కూడా సుగుణ ఆ రోజు అడిగింది.

విమానం ముక్కుకి మూడు చిన్న రెక్కలుంటాయి. అబ్బ, అరచేతిలో పట్టేంతవే! ముక్కు ఎంత పైకెత్తి ఎగురుతోందో అవి కంప్యూటరుకి చెబుతాయి. మరీ ఎత్తుగా ఉందని నమ్మిందంటే అది పైలట్‌ని అడక్కుండా ముక్కుని కిందికి వంచేస్తుంది. మూడింటిలో రెండు ఒకటే చెబితే మూడోదాని మాట కొట్టేస్తుంది. ఆ పొద్దున సుగుణ వాటిలో రెండు కొత్తవి బిగించింది. బ్లోయరుతో గాలి పెట్టి చూస్తే కొత్తవి రెండూ పదకొండు డిగ్రీలు చూపించాయి, పాతది ఏడు. నాలుగింటికి డెబ్బైమంది ఎక్కాలి.

"ఉస్తాద్, రెండిటిది ఒక మాట, ఒకదానిది ఇంకో మాట. ఆ పాతదాన్ని కూడా మార్చేసి సంతకం పెట్టెయ్యనా?"

ఉస్తాద్ టైర్ల దగ్గరున్న దాశరథిని పిలిచి, కొత్తవాటిలో ఒకదాన్ని విప్పి మళ్లీ బిగించమన్నాడు. "నీ సామాను తెచ్చుకో. ఆమెది ముట్టుకోకు."

"ఏం మేడమ్, మీ పనికి నా చేత ఇస్త్రీ చేయిస్తున్నారా?" అని నవ్వుతూనే దాశరథి బిగించాడు.

మళ్లీ గాలి పెట్టారు. ఆ రెక్క ఇప్పుడు ఏడంది! కంప్యూటరు ఏమాత్రం సిగ్గుపడకుండా పార్టీ మార్చింది. ఇందాక కొట్టేసిన పాతదాన్ని నమ్మి, సుగుణ బిగించిన రెండోదాన్ని కొట్టేసింది. మేమంతా కంప్యూటరు తెర వంకా, ఒకరి మొహం వంకా ఒకరం చూస్తూ నిలబడ్డాం. మరి ఇందాకటి లెక్క ఏమైనట్టు?

సుగుణకి ఏదో తట్టింది. పొద్దున రెండు రెక్కల్నీ బిగించేటప్పుడు వంపు సరిచూసుకున్న తన ఇనప పలకని బల్ల మీద బోర్లించింది. ఒక మూల లేచి ఉంది. కింద గోరు దూరింది.

"రెండూ ఒకటే చెప్పాయి కదా ఉస్తాద్!"

"రెండెక్కడివి? మాట్లాడింది నీ పలక ఒక్కటే."

మిగిలిన రెక్కని వేరే పలకతో బిగించేసరికి సాయంత్రం ఆరయింది. సుగుణ చేతులు తుడుచుకుంటూ మెల్లిగా అడిగింది. "పొద్దున ఆ పాతదాన్ని కూడా నేనే మార్చేసి ఉంటే? మూడూ పదకొండే చూపించేవి కదా. అప్పుడు?"

"అప్పుడేముందమ్మా," అన్నాడు ఉస్తాద్, "హాయిగా ఇంటికెళ్లేదానివి."