కుట్ల పేర్లు మింగిన చిలక

అనగా అనగా ఓ రాజుండేవాడర్రా. ఆయన కోట ఎంత ఎత్తంటే, బురుజు మీంచి జారిన దోసపిందె నేలకు చేరేలోపు పండిపోయేది! ఆ రాజ్యంలో అందరూ కుట్టుపనిలో ఘనులే. కోడిపుంజులు కూడా బుటాల కండువా లేనిదే కూసేవి కావు.

రాజుకి ముగ్గురు కొడుకులు. పెద్దవాళ్లిద్దరికీ కత్తులంటే ప్రాణం. చిన్నవాడు మణిధరుడికి ప్రశ్నలంటే ప్రాణం. ఆస్థానంలో పూలు కుట్టే సింగారి పక్కన చేరి, "ఈ కుట్టు పేరేంటి? ఆ పేరెందుకొచ్చింది?" అని పొద్దంతా అడిగేవాడు.

"రాకుమారా, నా సూది కన్నా నీ నోరే ఎక్కువ ఆడుతోంది!" అని నవ్వేది సింగారి. ఆ నవ్వుకే పెళ్లి కుదిరింది.

ఇంతలో కాటుకమల్లు అనే మాయావి ఆకాశం మీంచి వాలి, సింగారిని ఎత్తుకుపోయాడు. "అమావాస్యకి దీన్ని నేనే పెళ్లాడతా!" అని అరిచిపోయాడు. కొన్నాళ్లకి లోకంలో కుట్ల పేర్లన్నీ మాయమయ్యాయి. పేరు పోతే చేతికి పని ఆడలేదు. ఆడా మగా సూదులు పట్టుకుని, అవి తినేవో తాగేవో తెలియనట్టు చూస్తూ కూర్చున్నారు.

ఏడు సముద్రాల అవతలున్న మాయావి కోటకి పెద్దన్న వెళ్లాడు, తిరిగొచ్చాడు. రెండో అన్న వెళ్లాడు, తిరిగొచ్చాడు. "సముద్రాన్ని నరికాంరా తమ్ముడూ, మళ్లీ అతుక్కుంది!" అన్నారు.

మణిధరుడు బయల్దేరాడు. ఒడ్డున ఊరంత చేప ఒకటి ఏడుస్తోంది. "నన్ను చూసి పేరు పెట్టిన కుట్టు ఒకటుండేది నాయనా. దాని పేరు చెబితే ఏడు సముద్రాలూ దాటిస్తా."

"ఏదీ, నోరు తెరువు, లోపల ఎలా ఉంటావో చూస్తా," అన్నాడు. నడుమ వెన్ను, అటూ ఇటూ ఏటవాలు ముళ్లు. "చేపముల్లు కుట్టు!" అన్నాడు. చేప గంతేసి ఏడు సముద్రాలూ దాటించింది.

అవతల నిప్పుల గోడ. దాని ముందు నెమలి కూడా తన కుట్టు పేరు పోయిందని ఏడుస్తోంది. దాని ఈక తీసి, తిప్పి, ఊది చూసి, "ఈక కుట్టు!" అన్నాడు. నెమలి వీపునెక్కించుకుని గోడ దాటించింది.

కోట వాకిట్లో సంకెల వేసిన ఏనుగు, ఆ సంకెలని చూసి పెట్టిన కుట్టు పేరు పోయిందని ఏడుస్తోంది. ఒక కొలికిలోంచి ఇంకో కొలికి ఎలా పుట్టిందో వేలు పెట్టి మరీ చూసి, "గొలుసు కుట్టు!" అన్నాడు. ఏనుగు సంతోషంతో తల విదిలిస్తే తలుపు పొరుగు దేశంలో పడింది.

లోపల సింగారి, ఎదురుగా పట్టుగుడ్డ మీద కుట్టిన పచ్చని చిలక.

"రాకుమారా, ఆ మాయావి ప్రాణం ఇందులోనే ఉంది. నా చేతనే కుట్టించాడు. ఇలాంటిది ఇంకెవరూ కుట్టకూడదని కుట్ల పేర్లన్నీ దీని పొట్టలో దాచాడు. దీన్ని కత్తెర కోయదు, నిప్పు కాల్చదు. ఏ కుట్టు వేశానో నాకే గుర్తు రావట్లేదు!"

మణిధరుడు ముక్కు ఆనేంత దగ్గరగా వంగాడు. "కొలికిలోంచి కొలికి... సింగారీ, ఇది గొలుసు కుట్టు!"

సింగారి ఎగిరి లేచింది. "గొలుసు కుట్టా! కొసకి ముడి లేకపోతే మొదటిదాకా ఊడిపోతుంది కదా! నేను ముడి వెయ్యకముందే పేర్లు లాగేసుకున్నాడు, తొందర సచ్చినోడు! చివరి కొలికి తోక దగ్గరుంది, లాగు!"

"చెయ్యి తియ్యరా!" అంటూ కాటుకమల్లు ఉరుములా ఊడిపడ్డాడు.

మణిధరుడు కొస పట్టి లాగాడు. సర్రుమని తోక ఊడింది, మాయావి కాళ్లు మాయం! రెక్క ఊడింది, చేతులు మాయం! "ఆగరా, నీకు సగం రాజ్యం..." అంటుండగానే ముక్కు ఊడింది, నోరూ మాయం! నేల మీద పచ్చదారం కొండంత కుప్పపడింది.

కాడ కుట్టు, కాజా కుట్టు, ముడి కుట్టు, ఒక్కొక్క పేరూ తుమ్మెదలా ఎగిరి తన వాళ్ల చేతుల్ని వెతుక్కుంటూ పోయింది.

అమావాస్య రాకముందే సింగారికి పెళ్లయింది, మణిధరుడితో! పెళ్లిచీర కుచ్చిళ్లు మొయ్యడానికి ముప్పై ఒంటెలు కావలసి వచ్చాయి. తర్వాత వాళ్లు ఎన్నాళ్లు ఏలారంటే, ఎక్కీ దిగీ సింహాసనానికి వేసిన రాతిమెట్లు సగానికి అరిగిపోయాయి, వాళ్ల ముచ్చట్లు మాత్రం ఇంకా సగం కూడా కాలేదు.