పీతలు చూసిన పెళ్ళికూతురు

ఇటు తిరిగి పడుకో బుజ్జులూ. కాళ్ళు ఆడించడం ఆపితేనే కథ, లేకపోతే లేదు. ఆఁ, అలాగ. ఇప్పుడు ఊఁ కొట్టు.

అనగనగా ఒక ఊళ్ళో, అలల చప్పుడు ఇంట్లోకి వినపడేటంత దగ్గరి ఊళ్ళో, మరిడి అనే కొత్త పెళ్ళికూతురు పడవ దిగింది. ఊరి పేరు మొగలిదిబ్బ. ఊరికీ సముద్రానికీ నడుమ ఒకప్పుడు మొగలి పొదల అడవి. పొదలు దాటితే ఇసుక. ఇసుక నిండా బొరియలు. బొరియల నిండా ఎర్రపీతలు. అన్నీ ఒక్కసారి బయటికొచ్చాయంటే ఒడ్డంతా కుంకుమ ఆరబోసినట్టు ఉండేదట.

ఆ ఊరికో ఆచారం ఉంది. కొత్త కోడలు తిన్నగా అత్తారింట్లో అడుగు పెట్టకూడదు. ముందు ఆ ఇసుకలో కదలకుండా కూర్చోవాలి. పీతలు బయటికొచ్చి ఆమెని చూడాలి. అప్పుడు అత్తగారొచ్చి చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళ్తుంది. మూడు రోజులు గడువు. మూడోనాడు పొద్దుగుంకే లోపల పీతలు రాలేదో, కోడలు మళ్ళీ పడవెక్కి పుట్టింటికి పోవాల్సిందే.

మరిడికి పోవాలని లేదు. పెళ్ళికొడుకు దానయ్య ఆమెకి తెగ నచ్చాడు మరి. తలంబ్రాలు పోస్తూ పోస్తూ హాచ్చని తుమ్మి, సిగ్గుపడి, మళ్ళీ తనే నవ్వేశాడు. ఆ నవ్వుకే పడిపోయింది పిల్ల.

సరే, మరిడి వెళ్ళి ఇసుకలో కూర్చుంది. పొద్దున్న కూర్చుంది, మధ్యాహ్నం కూర్చుంది. ఒక్క పీతా రాలేదు. ఎందుకు రాలేదంటావా? చెప్తున్నాగా, ఆగు.

మరిడి రాకముందే, ఎర్రపీతలున్నాయని తెలిసి పట్నం వాళ్ళు చూడ్డానికి రావడం మొదలెట్టారు. చూడ్డానికి వచ్చినవాళ్ళు చూసి పోవచ్చు కదా? ఊహూఁ. జీపులేసుకొచ్చి ఇసుక మీద రయ్యిరయ్యిమని తిప్పారు. చక్రాల కింద బొరియలు పూడుకుపోయాయి.

ఆ తర్వాత, పీతలు దగ్గరికి రావాలని చిప్సు విసిరారు. అది చూసి ఊరిపెద్ద బైరాగికి మర్యాద ముంచుకొచ్చింది. "వచ్చినోళ్ళు పెడుతుంటే ఊరోళ్ళం మనం పెట్టకపోతే ఏం బాగుంటాది" అని రోజూ గంగాళంతో అన్నమూ వేపుడు చేపలూ తెచ్చి ఇసుకలో పోయించాడు. పీతలకి విందు భోజనమట, ఎక్కడైనా ఉందా? ఆ వాసనకి కుక్కలొచ్చాయి, కాకులొచ్చాయి. అన్నంతో పాటు పీతల్నీ తిన్నాయి.

ఆ తర్వాత, ఫొటోలకి అడ్డమొస్తున్నాయనీ, బళ్ళు పెట్టుకోవాలనీ పట్నం వాళ్ళు మొగలి పొదలు కొట్టించారు. పొదలు పట్టి ఉంచిన ఇసుకంతా వదులైపోయింది. గాలికి లేచి మిగిలిన బొరియల్లో పడింది. ఇంకేం వస్తాయి పాపం, లోపలే బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాయి.

మొదటిరోజు మరిడి చుట్టూ జీపులు తిరిగాయి. పెళ్ళిచీరలో ఉన్న పిల్లని చూసి, టోపీ పెట్టుకున్న ఒకావిడ జీపు దిగి, "ఏంటమ్మా, షూటింగా?" అని ఫొటో తీసుకుని పోయింది. మరిడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా కదల్లేదు.

రెండోరోజు ఆ టోపీ ఆవిడే మళ్ళీ వచ్చింది. "పీతలేవి? ఇంత దూరం వస్తే ఒక్కటీ లేదు" అని విసుక్కుంది. మరిడికి ఒళ్ళు మండింది.

"అక్కా, ఈ ఊరికి నువ్వూ కొత్తే, నేనూ కొత్తే. నేను కూకున్నాను. నువ్వు బండేసుకుని తిరగతన్నావు. అయి ఎవుర్ని చూసి దాక్కున్నాయంటావు? రేపు సాయంత్రానికి రాకపోతే నేను మొగుణ్ణొదిలి పడవెక్కాలి" అంది.

టోపీ ఆవిడ మొహం మాడిపోయింది. జీపులోంచి ఆమె మొగుడు పాం పాం అని హారన్ కొడుతున్నాడు. ఆమె అటు చూసింది, ఇటు చూసింది. చెప్పులు విడిచింది. మరిడి పక్కన చతికిలబడింది. "ఇంజను ఆపి రండి" అని మొగుణ్ణి కేకేసింది. అతను గొణుక్కుంటూ వచ్చి కూర్చున్నాడు. వాళ్ళని చూసి ఇంకొకళ్ళు, వాళ్ళని చూసి మరికొందరు. ఒడ్డంతా మనుషులు కూర్చుంటే జీపులు ఎక్కడ తిరుగుతాయి? తిరగలేదు.

అప్పుడు బైరాగి అన్నం గంగాళంతో తయారు. మరిడి అత్తగారు అప్పయమ్మ ఊరుకుంటుందా? గంగాళం లాక్కుని, "మా కోడల్ని పంపించేద్దామనేటి నీ ఎత్తు?" అంటూ నెత్తిన పెట్టుకుని ఊరవతలికి పరుగో పరుగు. అన్నం వాసన పోతుంటే కుక్కలుంటాయా? వెనకాలే కుక్కలు, పైన కాకులు, అందరికన్నా వెనక బైరాగి. ఇసుక మీద తిండి అన్నది లేకుండా పట్నం వాళ్ళే ఏరి సంచుల్లో వేసుకున్నారు.

మూడోరోజు. నిద్రొస్తోందా? ఇప్పుడొద్దు, అసలు కథ ఇక్కడే.

పొద్దున్నే అందరూ వచ్చి మళ్ళీ కూర్చున్నారు. మాటల్లేవు, పాటల్లేవు. మధ్యాహ్నం దాటింది, రాలేదు. ఎండ వాలింది, రాలేదు. సూర్యుడు కొబ్బరాకుల వెనక్కి దిగాడు. పడవవాడు తాడు విప్పడం మొదలెట్టాడు. మరిడి తలెత్తి చూస్తే, మిగిలిన ఒక్క మొగలి పొద చాటున దానయ్య. ముక్కు గట్టిగా పట్టుకుని ఉన్నాడు. మొహం ఎర్రగా ఉబ్బిపోయింది. తుమ్మొస్తోంది వాడికి. తుమ్మాడా, అంతా అయిపోయినట్టే.

అప్పుడు మరిడి బొటనవేలి దగ్గర ఇసుక కదిలింది.

చిన్న కన్నం పడింది. రెండు కళ్ళు, నిక్కబొడుచుకుని, పైకొచ్చాయి. ఇటు చూశాయి, అటు చూశాయి. ఆ తర్వాత ఒక ఎర్ర డెక్క. ఆ తర్వాత పీత. దాని పక్కన ఇంకోటి. అటు చూస్తే పది, ఇటు చూస్తే వంద. ఒడ్డంతా ఎరుపు. జరజరా జరజరా పాకుతూ వచ్చి, ఒకటి మరిడి పాదం ఎక్కి నిలబడింది. ఇంకోటి టోపీ ఆవిడ అరచేతిలోకి ఎక్కింది. ఫొటో ఒక్కరూ తియ్యలేదు. తియ్యాలంటే కదలాలిగా మరి.

అప్పుడు దానయ్య ఇంక ఆపుకోలేక హాచ్చని తుమ్మాడు. పీతలన్నీ గప్‌చిప్‌గా బొరియల్లోకి దూరాయి. పోతే పోనీ, చూసేశాయిగా. పడవవాడు నవ్వుతూ తాడు మళ్ళీ కట్టేశాడు.

అప్పయమ్మ వచ్చి మరిడి చెయ్యి పట్టుకుంది. రెండో చేత్తో టోపీ ఆవిడ చెయ్యి పట్టుకుంది. "నిన్నూ చూసినాయి కదమ్మా. ఇంక నువ్వూ మా ఇంటి మనిషివే, బువ్వ తిని ఎళ్ళు" అంది. ఆవిడ ఏడ్చేసింది.

ఆ తర్వాత మొగలిదిబ్బకి ఎవరొచ్చినా బండి ఊళ్ళోనే దిగాలి. ఒక మొగలి కొమ్మ నాటాలి. తిండి సంచీ విప్పకుండా ఇసుకలో కూర్చోవాలి. అందరికన్నా ముందు కొమ్మ నాటింది ఎవరనుకున్నావు? బైరాగి. పొదలు మళ్ళీ అడవైపోయాయి.

నువ్వూ కదలకుండా పడుకున్నావంటే, ఇదిగో, దుప్పటి మీద నా వేళ్ళే పీతలు. జరజరా వస్తాయి. కదిలావా, పారిపోతాయి. పాదం దాకా వచ్చాయి... మోకాలి దాకా వచ్చాయి...

ఊఁ కొట్టవేం? నిద్రపోయావూ? చూసేశాయిలే నిన్ను. నువ్వూ మా ఇంటి పిల్లవే.

పీతమ్మ బొరియకి,
పడవేమో రేవుకి,
కథేమో కంచికి,
బుజ్జులేమో నిద్దరింటికి.