సూర్యుడి మీద ఫిర్యాదు

ఒకానొక రాజ్యంలో, ఫాల్గుణ పౌర్ణమి నాడు, పొద్దు పొడవడానికి ఒక గడియ ముందు, రాజు గారు గడియారపు గిన్నెలో మీసం చూసుకుంటున్నారు. అది రోజూ జరిగే పనే.

ఆ రాజ్యం పేరు వెండిగుట్ట. రాజు పేరు ఉత్తుంగదేవుడు. గిన్నె రాగిది, అడుగున సన్నని రంధ్రం ఉంటుంది. నీళ్ల గంగాళంలో వదిలితే మెల్లగా నిండి మునుగుతుంది. మునిగితే ఒక గడియ అయినట్టు. కాపలావాడు గంట కొట్టి, గిన్నె పైకి తీసి మళ్లీ వదులుతాడు. రాజ్యంలో సమస్తమూ ఆ గంట ప్రకారమే నడిచేది.

గిన్నె అద్దంలా మెరవాలని రాజు గారి ఉత్తర్వు. అందుకని రోజూ చింతపండు, ఇటుకపొడి వేసి తోమేవారు. రంధ్రంలో ఇరుక్కున్న పొడిని ఇనుప సూదితో పొడిచి తీసేవారు. తళతళలాడే ఆ గిన్నెలో రాజు గారి మీసం రెండింతలుగా కనిపించేది. తర్వాత గిన్నె గంగాళంలోకి, రాజు గారు సభలోకి వెళ్లేవారు.

సభలో ముగ్గురు పండితులు ఉండేవారు. ఒకరిది న్యాయం, ఒకరిది ప్రకృతి శాస్త్రం, ఒకరిది విద్య. ఎవరి చాప వారిది. చాపకీ చాపకీ మధ్య పట్టుతాడు కట్టించారు. ఒకరి శాస్త్రంలో ఇంకొకరు మాట్లాడితే, మళ్లీ గంట కొట్టేదాకా నోట్లో నీళ్లు పట్టుకుని కూర్చోవాలి. పండితులు కలిస్తే వాదులాడుకుంటారని, విడివిడిగా ఉంటే తమనొక్కరినే పొగుడుతారని రాజు గారి అభిప్రాయం. ఆ అభిప్రాయం వమ్ము కాలేదు.

బొల్లన అనే విదూషకుడు మాత్రం ఏ తాడుకీ అందకుండా గుమ్మం దగ్గర కూర్చునేవాడు.

ఆ రోజు మధ్యాహ్నపు గంట మోగింది. అది మోగిన కాసేపటికి ఏటిపల్లె బడి పంతులు కొమరయ్య కొబ్బరికాయతో సభలోకి వచ్చాడు. ఏటా ఫాల్గుణ పౌర్ణమి నాడు, మధ్యాహ్నం లోపల, బడి పంతులు రాజు ముందు కొబ్బరికాయ కొట్టాలి. కొడితే బడి మాన్యం ఇంకో ఏడు సాగుతుంది. లేకపోతే బడి, దాని చుట్టూ ఉన్న నేల రాజుకు చెందుతాయి.

"ఏమయ్యా పంతులూ, గంట వినబడలేదా?" అన్నారు రాజు గారు.

"వినబడింది ప్రభూ. అప్పటికి కోటగుమ్మం దగ్గర కాళ్లు కడుక్కుంటున్నాను. కానీ మధ్యాహ్నం ఇంకా కాలేదు. పొద్దు నడినెత్తికి రాలేదు."

"అంటే మా గంట అబద్ధమాడిందా?"

"గంట సంగతి నాకు తెలియదు ప్రభూ. ఎండ సంగతి చెబుతున్నాను."

"మా గంట తప్పదు. పొద్దే ఆలస్యమై ఉంటుంది," అన్నారు రాజు గారు. సభ చప్పట్లు కొట్టింది. "మాన్యం రద్దు. బడి పడగొట్టి అక్కడ మా విగ్రహం నిలబెడతాం."

"మరి పిల్లలు?" అన్నాడు కొమరయ్య.

"విగ్రహాన్ని చూసి నేర్చుకుంటారు."

పేరుకు పండితులను కూడా అడిగారు. న్యాయపండితుడు, "గంట దాటితే మాన్యం పోతుంది. గంట సరిగ్గా మోగిందా అన్నది నా శాస్త్రం కాదు," అన్నాడు. ప్రకృతి పండితుడు, "పొద్దు గురించి చెప్పగలను. కానీ మాన్యం మాట వచ్చింది కనుక ఇది న్యాయపు చాప," అని నోరు మూసుకున్నాడు. విద్యాపండితుడు, "బడి మంచిది. దాని కింద నేల నాది కాదు," అన్నాడు. చేతిలోని కొబ్బరికాయను ఏం చెయ్యాలో కొమరయ్యకు తోచలేదు.

అప్పుడు గుమ్మం దగ్గర బొల్లన లేచాడు. "మహారాజా, ఒక ఫిర్యాదు."

"ఎవరి మీదరా?"

"సూర్యుడి మీద. మీ గంట మోగినా నడినెత్తికి రాలేదు. కొబ్బరికాయ పట్టుకుని పరుగెత్తుకొచ్చిన పంతులుకే బడి పోతే, వట్టి చేతులతో, తీరిగ్గా వస్తున్న ఆ పెద్దమనిషికి ఏం శిక్ష వేస్తారు?"

రాజు గారు మీసం దువ్వుకున్నారు. సూర్యుడిని విచారించిన రాజు ఇంతవరకూ లేడు. "పిలిపించండి!"

"ముద్దాయి లోపలికి రాలేనంత పెద్దవాడు ప్రభూ. ముంగిట్లో విచారిద్దాం. ఈ ఒక్క పూటకి తాళ్లు కూడా తీయించండి. ముద్దాయి ఎక్కడున్నాడో ఒక పండితుడు చెప్పాలి, తప్పేమిటో ఇంకొకరు చెప్పాలి, బుద్ధి మూడోవారు చెప్పాలి. ముగ్గురూ నోట్లో నీళ్లు పోసుకుంటే విచారణ సాగదు."

తాళ్లు తీశారు. అందరూ ముంగిట్లోకి వెళ్లారు.

ముంగిట్లో ధ్వజస్తంభం ఉంది. దాని పాదం దగ్గర నుంచి నేల మీద ఒక రాతిగీత. రాజు గారి తాత వేయించినది. స్తంభం నీడ గీత మీద పడితే మధ్యాహ్నం. గంట వచ్చాక ఆ గీతను అందరూ చూడటం మానేశారు. ఇప్పుడు చూస్తే నీడ ఇంకా గీతకు జానెడు దూరంలో ఉంది.

"చూశారా, ఆలస్యం!" అన్నారు రాజు గారు.

న్యాయపండితుడు గొంతు సవరించుకున్నాడు. "ప్రభూ, తాతగారి పట్టాభిషేకానికి ముహూర్తం ఈ గీత మీదే చూశారు. గీత తప్పంటే ముహూర్తం తప్పు. ముహూర్తం తప్పంటే సింహాసనం..."

"గీత తప్పు కాదు," అన్నారు రాజు గారు గబగబా.

"అయితే గంటే తప్పు," అన్నాడు ప్రకృతి పండితుడు. అనేసి, అలవాటు కొద్దీ నీళ్లచెంబు కోసం చుట్టూ చూశాడు.

విద్యాపండితుడు చేతులు జోడించాడు. "ప్రభూ, ఈ సభలో అందరికంటే ఎక్కువసార్లు నోట్లో నీళ్లు పట్టుకున్నవాణ్ణి నేను. నిరుడు గంట మోగేసరికి దవడలు పట్టేసేవి. ఈ మధ్య హాయిగా ఉంది. అలవాటైందనుకున్నాను. అభ్యాసంతో ఏదైనా వస్తుందని బడుల్లో పాఠం కూడా చెప్పించాను."

కొమరయ్య తల వంచుకున్నాడు. "మా బడిలోనూ చెప్పాను ప్రభూ."

గిన్నె తెప్పించారు. ఆవగింజ దూరని రంధ్రం ఉండాలని పాత కొలత. ప్రకృతి పండితుడు వంటింట్లోంచి ఆవాలు తెప్పించి ఒక గింజ వేశాడు. అది ఆగకుండా జారి కిందపడింది.

"తోమి తోమి, సూదితో పొడిచి పొడిచి రంధ్రం పెద్దదైంది. నీళ్లు ఎక్కువ వస్తున్నాయి, గిన్నె త్వరగా మునుగుతోంది, గంట తొందరపడుతోంది," అన్నాడు.

"ఎవడ్రా ఇంతగా తోమింది? పట్టుకురండి వాణ్ణి!" రాజు గారు అరిచారు.

"తోమినవాడు వస్తే, తోమమన్నదెవరని న్యాయపండితులు అడుగుతారు ప్రభూ," అన్నాడు బొల్లన. "అది ఏ చాప కిందికి వస్తుందో నాకు తెలియదు. ఎందుకైనా మంచిది." చెంబు అందుకుని నోటినిండా నీళ్లు పోసుకుని, బుగ్గలు పూరించుకుని నిలబడ్డాడు.

రాజు గారు కోపంగా గిన్నె లాక్కుని పైకెత్తి చూశారు. అందులో వారి ముఖం కనిపించింది. మీసానికి సరిగ్గా మధ్యన, రంధ్రంలోంచి, ముద్దాయి తళుక్కున మెరిశాడు. రాజు గారు ఒక్క క్షణం చూసి ఫక్కున నవ్వారు. ఆ నవ్వు చూసి బొల్లనకు నవ్వాగలేదు. నోట్లోని నీళ్లు న్యాయపండితుడి అంగవస్త్రం మీద పడ్డాయి.

"సూర్యుడు నిర్దోషి," అన్నారు రాజు గారు, కళ్లు తుడుచుకుంటూ. "పంతులూ, కానివ్వు."

నీడ గీత మీదికి వచ్చింది. కొమరయ్య కొబ్బరికాయ కొట్టాడు. ఒక్క దెబ్బకు పగిలింది.

బొల్లనకు జరీ శాలువా కప్పి, ఇంకేం కావాలని అడిగారు. "ఆ పట్టుతాళ్లు," అన్నాడతను. అవి ఏటిపల్లె బడి పిల్లలకు ఉయ్యాల కట్టడానికి వెళ్లాయి. ముగ్గురు పండితులకూ కలిపి ఒక పెద్ద చాప వేశారు. మొదటి రోజే ముగ్గురూ వాదులాడుకున్నారు. గడియారానికి కొత్త గిన్నె వచ్చింది. మీసానికి విడిగా ఒక అద్దం కొన్నారు.

మరో అయిదు రోజులకు రాజవైద్యుడు రాజు గారికి కషాయం మాన్పించాడు. చాలా నెలలుగా వదలని కడుపునొప్పి దానంతటదే పోయింది. ఆరా తీస్తే తెలిసింది: మధ్యాహ్నపు గంటకు వడ్డించలేకపోయాడని పాత వంటపెద్దను తీసేశాక, కొత్తగా వచ్చినవాడు గంటకు భయపడి, ఇన్నాళ్లూ పప్పు సగం ఉడకగానే దించేవాడు.